బడి గ్రంథాలయానికి గ్రాంటు చాలదు, చట్టం కావాలి

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: గ్రంథాలయ శాస్త్ర విశ్రాంత ఆచార్యులు, ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, ఆర్థిక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి, హైకోర్టు న్యాయవాది.)

సంధానకర్త: నమస్కారం. దినపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ ఉండే గ్రంథాలయం ప్రతి పాఠశాలలోనూ ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం తన అనుబంధంలోనే చెప్పింది. అలాంటప్పుడు తెలుగు రాష్ట్రాల్లో పాఠశాల గ్రంథాలయాల నిధుల కోసం మరో చట్టం ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఆ చట్టం కావాలంటున్నవారూ, అక్కర్లేదంటున్నవారూ మన ముందే ఉన్నారు. ముందు న్యాయవాది గారిని అడుగుదాం.

న్యాయవాది: ఆ అనుబంధం గ్రంథాలయం ఉండాలంటుంది గానీ, దానికి ఏటా ఎంత ఖర్చు పెట్టాలో, ఎవరు చూసుకోవాలో, పుస్తకాలు ఎన్నేళ్లకు మార్చాలో చెప్పదు. పైగా ఆ చట్టం పరిధి ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. తనిఖీ పత్రంలో ‘గ్రంథాలయం ఉంది’ అన్న గడిలో టిక్కు పడితే నిబంధన నెరవేరినట్లే లెక్క. బీరువా ఒకటి ఉన్నా ఆ టిక్కు పడుతుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ప్రభుత్వ గ్రంథాలయాలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, విద్య 1976లో 42వ సవరణతో, కేంద్రం, రాష్ట్రం రెండూ శాసనం చేయగల ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. కాబట్టి ఈ విషయంలో శాసనం చేసే అధికారం శాసనసభకు నిక్షేపంగా ఉంది.

సంధానకర్త: సార్, మీరు బడ్జెట్ పద్దులు చూసినవారు. మీ అభ్యంతరం ఏమిటి?

విశ్రాంత అధికారి: డబ్బు అసలే లేదన్నట్టు మాట్లాడడం సరికాదు. 2018లో మొదలైన సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద పాఠశాల స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు ఏటా గ్రంథాలయ గ్రాంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. అందులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరించాలి. ఇక చట్టం సంగతి. ప్రతి శాఖా తన పద్దును చట్టంతో బిగించుకుంటూ పోతే, కరువొచ్చినా వరదొచ్చినా కదిలించడానికి ఖజానాలో చెయ్యి ఆడదు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోగా మిగిలేది ఎంతో నాకు తెలుసు.

ప్రధానోపాధ్యాయురాలు: సార్ చెప్పిన గ్రాంటు అబద్ధం కాదు, కానీ అది బడికి ఎలా చేరుతుందో కూడా చెప్పుకోవాలి. అది పథకం డబ్బు, అందువల్ల ఏ నెలలో వస్తుందో మాకు ముందుగా తెలియదు. ఆర్థిక సంవత్సరం చివర్లో విడుదలైతే, మార్చి 31 లోపు కొని, బిల్లులు పెట్టి, వినియోగ పత్రం పంపాలి. ఆ హడావిడిలో పిల్లలకు ఏం కావాలో అడిగే తీరిక ఎవరికి ఉంటుంది? దుకాణదారు దగ్గర ఏ కట్ట సిద్ధంగా ఉంటే అదే బడికి వస్తుంది. విప్పి చూస్తే పోటీ పరీక్షల గైడ్లు, సన్న అక్షరాల నీతికథలు, ఒకే పుస్తకానికి నాలుగైదు ప్రతులు. ఆరో తరగతి పిల్ల ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, బొమ్మల్లేవని తిరిగి పెట్టేసి, అట్ట ఊడి దారం కనిపిస్తున్న పాత జంతువుల పుస్తకం కోసమే క్యూలో నిలబడుతుంది. రిజిస్టరు చూస్తే ఆ ఒక్క పుస్తకం పేరే వరసగా పడి ఉంటుంది, కొత్త కట్టలో పుస్తకాల ఎదుట గడులన్నీ ఖాళీ.

సంధానకర్త: అంటే డబ్బు ఎంత అన్నదానికంటే ఎప్పుడు, ఎలా అన్నదే మీ బాధ.

ప్రధానోపాధ్యాయురాలు: రెండూనండీ. కానీ వీటిని మించినది ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పుస్తకం పోతే ఎవరు కట్టాలి? చాలా బళ్లలో గ్రంథాలయం బాధ్యత తెలుగు ఉపాధ్యాయుడికో, మరొకరికో అదనపు పనిగా అప్పగిస్తారు. స్టాక్ రిజిస్టరులో ఉన్న పుస్తకం ఆడిట్ నాటికి బీరువాలో లేకపోతే తన జేబులోంచి కట్టాల్సి వస్తుందని ఆయన భయం. తన తర్వాత వచ్చేవారికి ఛార్జి అప్పగించేటప్పుడు లెక్క తేలాలి కదా! ఆ భయంతోనే బీరువాకు తాళం పడుతుంది. అందులో ఆయన తప్పు నాకేమీ కనిపించదు.

ఆచార్యులు: ఈ మాట మీద కొంచెం ఆగుదాం, ఎందుకంటే దీనికి పరిష్కారం మన దేశపు నిబంధనల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలలో, 2017 ప్రతిలోనైతే 215వ నియమంలో, గ్రంథాలయ పుస్తకాల తనిఖీ గురించి చెబుతూ, ఏడాదిలో ఇచ్చిన లేదా సంప్రదించిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడాన్ని సమంజసమైన నష్టంగా పరిగణించవచ్చని రాశారు. నిజాయితీ లోపం, నిర్లక్ష్యం కారణమైతే ఆ వెసులుబాటు వర్తించదు, అది వేరే మాట. చదివే చోట పుస్తకం నలుగుతుంది, కొన్ని పోతాయి అన్న సంగతిని ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకుంది. పెద్దవాళ్ల గ్రంథాలయానికే వెయ్యికి అయిదు అన్నప్పుడు, పసిపిల్లల చేతుల్లో తిరిగే పుస్తకాలకు ఇంకా ఉదారంగా ఉండాలి. మనం అడిగే చట్టంలో నిధుల సెక్షన్ పక్కనే ఈ సెక్షన్ లేకపోతే, వచ్చిన డబ్బంతా తాళం వేసిన బీరువాల్లోకే పోతుందని నా అభిప్రాయం.

విశ్రాంత అధికారి: దీనికి చట్టం దాకా ఎందుకు? ఒక ఉత్తర్వుతో అయ్యే పని.

ఆచార్యులు: ఉత్తర్వు ఇస్తే సంతోషమే. కానీ ఉత్తర్వును మరో ఉత్తర్వు రద్దు చేస్తుంది, చట్టాన్ని మార్చాలంటే సభలో లేచి కారణం చెప్పాలి.

సంధానకర్త: డబ్బు ఎక్కడి నుంచి అన్న విషయానికి వద్దాం. ఇప్పటికే గ్రంథాలయ సెస్సు ఉంది కదా, అందులోంచి ఇవ్వకూడదా?

విశ్రాంత అధికారి: నేనూ అదే అంటాను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు వెళ్తుంది. రాష్ట్ర విభజన తర్వాత కూడా రెండు రాష్ట్రాల్లో ఆ చట్టమే నడుస్తోంది. దానికే చిన్న సవరణ చేసి కొంత భాగం బడులకు మళ్లిస్తే కొత్త భారం ఉండదు.

ఆచార్యులు: దీన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉన్నదే. ఉన్న శాఖా గ్రంథాలయాలకే పత్రికల బిల్లులు కట్టడం గగనమవుతున్న చోట, అదే కుండలోంచి బడికీ తోడితే ఇద్దరికీ అడుగే కనిపిస్తుంది. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా చందాలతో నిలబెట్టిన ఉద్యమం మనది. ఆ వారసత్వం ఉన్న రాష్ట్రాలు పౌర గ్రంథాలయం నోటి ముందు కూడు తీసి బడికి పెట్టకూడదు. బడి గ్రంథాలయం విద్యాశాఖ బాధ్యత, దాని డబ్బు విద్యా బడ్జెట్‌లోంచే రావాలి.

విశ్రాంత అధికారి: బకాయిల మాట నిజమే, కాదనను. అయితే ఆ బకాయి రాబట్టడమే ముందు చేయాల్సిన పని అని నా వాదన.

సంధానకర్త: ఇతర చోట్ల ఇలాంటి చట్టాల అనుభవం ఎలా ఉంది?

న్యాయవాది: రెండు ఉదాహరణలు చెబుతాను, రెండూ అమెరికావే, రెండూ పూర్తి విజయాలు కావు. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ నగరానికి చెందిన కొందరు తల్లులు సంతకాలు సేకరించి, చట్టసభ చుట్టూ తిరిగి, 2008లో బడి గ్రంథాలయాల కోసం సుమారు 40 లక్షల డాలర్లు సాధించారు. కానీ అది ఒక్కసారికి ఇచ్చిన మొత్తమే. కాలిఫోర్నియాలో 1998లో ఏకంగా చట్టమే చేసి, ఏటా 15 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు. కొన్నేళ్లకే రాష్ట్ర ఆదాయం తగ్గింది, ఆ కేటాయింపు నామమాత్రానికి పడిపోయింది. చట్టం ఉండి కూడా ఇలా ఎందుకయిందంటే, మొత్తాన్ని ఏటా బడ్జెట్ దయకు వదిలేశారు.

విశ్రాంత అధికారి: నేను చెప్పేదానికి మీరే సాక్ష్యం ఇస్తున్నారు.

న్యాయవాది: కాదు సార్, చట్టం ఎలా రాయకూడదో చెబుతున్నాను. మొత్తాన్ని అంకెలో బిగిస్తే ధరలు పెరిగిన కొద్దీ అది కరిగిపోతుంది. కాబట్టి పాఠశాల విద్యకు పెట్టే ఖర్చులో ఇంత శాతానికి తగ్గకూడదని, విద్యార్థికి ఇంత అని, జూన్‌లో బడి తెరిచేలోపే విడుదల కావాలని రాయాలి. ఖర్చు కాని డబ్బు మార్చిలో మురిగిపోకుండా పాఠశాల ఖాతాలోనే తర్వాతి ఏడాదికి నిలవాలి. నిజంగా విపత్తు వచ్చి తగ్గించక తప్పకపోతే, ఎంత తగ్గించారో, ఎందుకు తగ్గించారో సభ ముందు ప్రకటన ఉంచాలి. మీరు కోరిన వెసులుబాటు అందులో ఉంటుంది, చీకట్లో కోత మాత్రం ఉండదు.

విశ్రాంత అధికారి: ఆ ప్రకటన షరతు ఉంటే, నా అభ్యంతరం సగం తగ్గుతుంది. లైబ్రేరియన్ పోస్టుల సంగతి మాత్రం వేరు, ప్రతి బడికీ ఒకరంటే ఆర్థిక శాఖ ఎప్పటికీ ఒప్పుకోదు.

ప్రధానోపాధ్యాయురాలు: ప్రతి బడికీ ఒకరు కావాలని నేనూ అడగడం లేదు. గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టులున్నాయి, మా ఉన్నత పాఠశాలల్లో కూడా పెట్టండి. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలకు అదే మనిషి వారానికో రోజు వెళ్లవచ్చు. కావలసిన పుస్తకాలు ఎంచడం, చిరిగినవి కుట్టించడం, చదవడం రాని పిల్లవాడికి ఏ పుస్తకం చేతిలో పెట్టాలో తెలియడం ఖాళీ పీరియడ్‌లో అయ్యే పనులు కావు. టైం టేబుల్‌లో వారానికి రెండు గ్రంథాలయ పీరియడ్లు కూడా చట్టం కింది నియమావళిలోనే చేర్చాలి, లేకపోతే వాటిని లెక్కల పాఠం మింగేస్తుంది.

సంధానకర్త: చివరిగా, ఒక శాసనసభ్యుడు రేపే ఈ బిల్లు పెట్టదలిస్తే దారి ఉందా?

న్యాయవాది: ఉంది, కానీ ఒక గడప దాటాలి. సంచిత నిధి నుంచి, అంటే రాష్ట్ర ప్రధాన ఖజానా నుంచి, ఖర్చు కోరే బిల్లును రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫారసు లేనిదే సభ ఆమోదించడానికి వీల్లేదు. ఆ సిఫారసు మంత్రివర్గ సలహా మీదే వస్తుంది కనుక, ప్రతిపక్ష సభ్యుడి బిల్లు చర్చ దాకా వచ్చినా గట్టెక్కడం కష్టం. అందుకే తల్లిదండ్రులూ ఉపాధ్యాయ సంఘాలూ ముందు సభ్యుల చేత ప్రశ్నలు అడిగించాలి. ఎన్ని బడుల్లో గ్రాంటు ఏ నెలలో జమయిందో, సెస్సు బకాయి ఎంతో, పోయిన పుస్తకాలకు ఎందరు ఉపాధ్యాయుల దగ్గర వసూలు చేశారో లిఖితపూర్వక సమాధానం రాబట్టాలి. ఆ సమాధానాలు చేతికొచ్చాక బిల్లు ముసాయిదాతో విద్యాశాఖ మంత్రి దగ్గరికి వెళ్లవచ్చు.

విశ్రాంత అధికారి: ఆ మూడో ప్రశ్నకు జవాబు నాకూ చూడాలనుంది.