గోల్డ్‌ఫిష్ తోక మీద దూదిలా బూజు పట్టిందా? మందు వేసే ముందు ఇది చూడండి

నమస్కారం అండీ. ఇదిగో, ఈ ఒరాండా రకం గోల్డ్‌ఫిష్‌ను చూడండి. తోక మొదట్లో, ఇక్కడ... కాస్త ఇటు తిరగనివ్వండి... ఆఁ, అదీ. చిన్న దూదిపింజ అంటుకున్నట్టుంది కదా. నిన్న పొద్దున మేత వేస్తుంటే కనిపించింది. అంతకు రెండు రోజుల ముందు రాయికి గీరుకుని పొలుసు ఊడింది, సరిగ్గా ఆ గాయం మీదే పట్టింది. మనం దీన్ని ఫంగస్ అంటాం. ఎక్కువగా సాప్రోలెగ్నియా అనే నీటి బూజు. దాని బీజాలు నీళ్లలో ఎప్పుడూ ఉంటాయి. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న చేప జోలికి రావు. గాయమైనా, నీళ్లు పాడైనా, చలికి చేప నీరసించినా పట్టేస్తాయి.

మందు సీసా ఇంకా తీయకండి. ముందు చేపను ఇలా గాజు గిన్నెలోకి తీసుకోండి. నెట్‌తో వద్దు, గాయం ఇంకా రేగుతుంది. మగ్గుతో నీళ్లతో పాటే ముంచి తీయండి. ఇప్పుడు గదిలో లైటు ఆపేసి, ఫోన్ టార్చ్ వెయ్యండి. పై నుంచి కాదు, పక్క నుంచి. చూడండి, చేప కదలకుండా ఉన్నా పోగులు ఊగుతున్నాయి. విడివిడిగా, సన్నగా, బయటికి లేచి ఉన్నాయి. ఇది బూజే.

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను పొరపడింది ఇక్కడే. మా మోలీ చేపలకు ఒకసారి మూతి చుట్టూ తెల్లగా వచ్చింది. ఫంగసే అనుకున్నాను. వెచ్చగా ఉంటే తగ్గుతుందని హీటర్ 30 డిగ్రీలకు పెట్టాను. మూడో రోజుకు ఐదింటిలో నాలుగు చనిపోయాయి. మిగిలిన ఒక్కదాన్ని ఇలాగే టార్చ్ వేసి చూస్తే అసలు పోగులే లేవు. పాల మీద మీగడ కట్టినట్టు చర్మానికి అతుక్కుని, చదునుగా, అంచులు కాస్త పసుపుగా ఉంది. అది కాలమ్నారిస్, బ్యాక్టీరియా వల్ల వస్తుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా వేగంగా ముదురుతుంది. నేను చేసింది సరిగ్గా అదే. ఆ మోలీలు ఇప్పటికీ గుర్తొస్తాయి నాకు. అందుకే చెబుతున్నాను, మూతి మీద గానీ, వీపు మీద జీను వేసినట్టు గానీ తెల్లగా, చదునుగా ఉంటే ఈ వీడియోలో చెప్పే వైద్యం సరిపోదు. దానికి యాంటీబయాటిక్ కావాలి, చేపల గురించి తెలిసిన వెటర్నరీ డాక్టర్‌ని అడగండి. ఉప్పు రవ్వలు చల్లినట్టు చుక్కలుంటే అది ఇచ్, అది ఇంకో జబ్బు.

సరే, మనది బూజు. వేరే టబ్, 20 లీటర్ల నీళ్లు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్. ఫిల్టర్ వద్దు. మనం వేసే మందు మిథిలిన్ బ్లూ, అది ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది, అందుకే మెయిన్ ట్యాంక్‌లో అస్సలు వేయొద్దు. నీళ్లు కొలవడానికి నేను ఇంట్లో ఉండే 20 లీటర్ల వాటర్ క్యాన్ వాడతాను, లెక్క తప్పదు.

ఉప్పు లీటరుకు 2 గ్రాములు, అంటే 40 గ్రాములు. అయోడిన్ కలపని కల్లుప్పు. చెంచా లెక్క నమ్మకండి, కిచెన్ స్కేల్ మీద తూచండి. మగ్గులో కరిగించి, గంటకోసారి చొప్పున మూడు విడతల్లో... ఇలా. ఇది గోల్డ్‌ఫిష్‌కి చెబుతున్న లెక్క. కోరిడోరాస్, లోచ్‌లు, టెట్రాలు లాంటి చేపలు ఇంత ఉప్పుకు తట్టుకోలేకపోవచ్చు.

మిథిలిన్ బ్లూ. నా సీసా 1 శాతం, కాబట్టి 20 లీటర్లకు 4 మిల్లీలీటర్లు. మీ సీసా బలం వేరు కావచ్చు, లేబుల్ చూసుకోండి. సూది తీసేసిన సిరంజితో తీస్తే చుక్క కూడా ఎక్కువ పడదు. పాత బట్టలు వేసుకోండి, మరక వదలదు. టబ్ మీద గుడ్డ కప్పండి, వెలుతురుకు మందు విరిగిపోతుంది.

రోజూ సగం నీళ్లు మార్చాలి. 10 లీటర్లు తీస్తే కొత్త 10 లీటర్లకే మందు, ఉప్పు వేయాలి. అంటే 20 గ్రాములు, 2 మిల్లీలీటర్లు. మళ్లీ పూర్తి 40 గ్రాములు వేశారంటే రేపటికే 60 అవుతుంది, ఉప్పు ఎక్కడికీ పోదు కదా. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేసి, వేడి సమానంగా ఉందో లేదో చూసి పోయండి. మేత రోజుకు ఒక్కసారి, చిటికెడు. ఆ పోగుల్ని మాత్రం చేత్తో లాగకండి, కింద చర్మం ఊడొస్తుంది.

ఈలోగా మెయిన్ ట్యాంక్‌లో అడుగున ఉన్న చెత్తను పైపుతో లాగేసి (సైఫన్ చేసి), మూడో వంతు నీళ్లు మార్చండి. రాళ్లు, బొమ్మలు బయటికి తీసి పాత నైలాన్ చున్నీతో ఇలా రుద్దండి. ఇదిగో, ఈ మూల దారం పట్టింది చూశారా? మా చేప తోక గీరుకుంది దీనికే. ఈ రాయి మళ్లీ ట్యాంక్‌లోకి వెళ్లదు.

పోగులు పూర్తిగా రాలిపోయాక ఇంకో రెండు రోజులు ఉంచండి. తర్వాత రెండు మూడు రోజులు మందు, ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే మారుస్తూ రండి. నీలం పోయాక సాయంత్రం, ట్యాంక్ లైటు ఆపేసి, చేపను మాత్రమే మెల్లగా వదలండి. టబ్ నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంక్‌లో పడనివ్వకండి.