శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్ స్టేషన్ రివ్యూ: 120 అడుగుల లోతు, రెండు పెట్టెల ప్లాట్‌ఫామ్

అందరికీ నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నాం, ఈ వీడియోకి ఒక స్ట్రోలర్ కంపెనీ డబ్బులిచ్చింది. స్టేషన్ గురించి ఏం చెప్పాలన్నది మాత్రం పూర్తిగా మా ఇష్టం. స్ట్రోలర్ లింకు కింద ఉంది, చూసుకోండి.

చైనాటౌన్–రోజ్ పాక్ స్టేషన్ లెక్కలు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, గబగబా అనేస్తాం. ఈ స్టేషన్ ఉన్న కొత్త రైలు లైను పేరు సెంట్రల్ సబ్‌వే, పొడవు 2.7 కిలోమీటర్లు, ఖర్చు దాదాపు 195 కోట్ల డాలర్లు. 2018లో రావాల్సింది, 2022 నవంబర్‌లో శని ఆదివారాలకు మొదలై, 2023 జనవరి 7న పూర్తిగా నడవడం మొదలుపెట్టింది. లెక్కలు అయిపోయాయి.

ఇప్పుడు లోతు సంగతి. వీధి నుంచి సుమారు 120 అడుగులు కిందికి దిగాలి. మ్యాప్‌లో "యూనియన్ స్క్వేర్ నుంచి ఒక్క స్టాపే" అని చూసి బయల్దేరతారు కదా, రైల్లో ఉండేది రెండు మూడు నిమిషాలే. ఎక్కడానికీ దిగడానికీ పట్టే టైమే అంతకంటే ఎక్కువ. ఎందుకింత లోతు? మొదటి కారణం మార్కెట్ స్ట్రీట్. అక్కడ అప్పటికే బార్ట్, అంటే చుట్టుపక్కల ఊళ్లని కలిపే రైళ్ల సొరంగాలున్నాయి, కొత్త లైను వాటి కింద నుంచి దూరి రావాలి. అంత కిందికి దిగాక చైనాటౌన్ వైపు నేలే పైకి లేస్తుంది. రెండోది, పైనున్న స్టాక్టన్ స్ట్రీట్ ఇరుకు. రెండు పక్కలా పాత బిల్డింగులు, కూరగాయల కొట్లు, చేపల కొట్లు. పైనుంచి వీధి తవ్వి, స్టేషన్ కట్టి, మళ్లీ కప్పేద్దామంటే ఆ బజారు ఏళ్ల తరబడి మూతపడాలి. అందుకని వాషింగ్టన్ స్ట్రీట్ మూల మీద ఒక షాఫ్ట్ దించి, అందులోంచి పక్కకి కొంచెం కొంచెంగా తవ్వుకుంటూ, తవ్విన మేరకు వెంటనే కాంక్రీటు చిమ్మి గట్టిపరుచుకుంటూ వెళ్లారు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి పైకి చూడండి. విల్లులా వంగిన కప్పు కనిపిస్తుంది. మట్టి బరువు పక్కలకి దిగాలి కాబట్టి ఆ వంపు. మాకు ఈ స్టేషన్‌లో అన్నిటికంటే నచ్చింది ఆ కప్పే.

ఇక మా కోపం. ప్లాట్‌ఫామ్ రెండు పెట్టెల రైలుకే సరిపోతుంది! ఒక్కో పెట్టె 75 అడుగులు, రెండు కలిపితే 150. మార్కెట్ స్ట్రీట్ కింద మునీ (సిటీ రైళ్లు, బస్సులు నడిపేది ఇదే) పాత ప్లాట్‌ఫామ్‌లు దీనికంటే చాలా పొడవు. దేశంలోనే బాగా కిక్కిరిసిన పేటల్లో ఒకదానికి అంత డబ్బు పోసి, అంత లోతు తవ్వి, మూడో పెట్టెకి చోటు ఉంచలేదు. ఇప్పుడు పెంచాలంటే ఆ గుహని మళ్లీ తవ్వాలి. పోనీ రైళ్లు ఎక్కువ నడుపుదామా అంటే, ఈ స్టేషన్‌కి వచ్చే టి లైన్ రైలు ఇక్కడ సొరంగంలో ఉన్నా నాలుగో వీధి దగ్గర పైకొస్తుంది. కింగ్ స్ట్రీట్ సిగ్నల్ దగ్గర కార్లతో పాటు ఆగుతుంది. అక్కడ ఆలస్యమైతే ఇక్కడ 120 అడుగుల కింద మీరు ఎదురుచూస్తారు.

ఇంకో బాధ, సొరంగం ఇక్కడితో ఆగలేదు. మామ్ చంగ్, బిగ్ ఆల్మా అని పేర్లు పెట్టిన రెండు తవ్వే యంత్రాలు పక్క పేట నార్త్ బీచ్ దాకా వెళ్లాయి. అక్కడ ఒకప్పుడు పగోడా థియేటర్ ఉన్న చోట వాటిని బయటికి తీశారు. ఆ ముక్క ఖాళీగా ఉంది. ఫిషర్‌మన్స్ వార్ఫ్ వెళ్లేవాళ్లు పైకెక్కి 30 నంబర్ బస్సు పట్టుకోవాల్సిందే.

ఫ్రీమాంట్ నుంచి వచ్చే మనవాళ్లు బార్ట్‌లో పవెల్‌లో దిగండి. బార్ట్ గేటు దాటి బయటికి రావాలి, కానీ వీధిలోకి ఎక్కొద్దు. యూనియన్ స్క్వేర్/మార్కెట్ స్ట్రీట్ స్టేషన్ బోర్డులు చూస్తూ భూమి లోపలే నడవండి, మునీ గేటు దగ్గర క్లిప్పర్ (టికెట్ కార్డు) మళ్లీ తాకించండి. సన్నీవేల్ నుంచైతే కాల్‌ట్రెయిన్ రైలెక్కి శాన్ ఫ్రాన్సిస్కోలో చివరి స్టేషన్‌లో దిగి, నాలుగో వీధిలో బ్రానన్ స్టాప్‌కి నడిచి టి ఎక్కండి. మునీలో దిగేటప్పుడు కార్డు తాకించక్కర్లేదు. 18 ఏళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. స్ట్రోలర్ ఉంటే లిఫ్ట్ పనిచేస్తోందో లేదో బయల్దేరే ముందే మునీ సైట్‌లో చూసుకోండి. ఇంత లోతులో లిఫ్ట్ ఆగితే వేరే దారి లేదు. నీటి ఊట ఇక్కడ పాత సమస్య. దాన్ని బాగుచెయ్యడానికి 2025 ఫిబ్రవరి చివర్లో సబ్‌వే మొత్తం ఆపేశారు, మళ్లీ నడిచింది మార్చిలోనే.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డ్రాగన్ గేటు దగ్గర ఫోటోల కోసం ఈ స్టేషన్‌లో దిగుతారు. ఆ గేటు ఇక్కడికి ఐదు బ్లాకుల దక్షిణాన, బుష్ స్ట్రీట్ మీద ఉంది. దానికి యూనియన్ స్క్వేర్‌లో దిగడమే దగ్గర.

పేరు సంగతి కూడా చెప్పాలి. 1989 భూకంపంలో దెబ్బతిన్న ఎంబార్కడెరో ఫ్రీవేని కూల్చేశాక చైనాటౌన్ కొట్లకి గిరాకీ పడిపోయింది. బదులుగా రైలు కావాలని పట్టుబట్టిన మనిషి రోజ్ పాక్. ఆవిడ 2016లో పోయారు. 2019లో పేరు పెట్టేటప్పుడు మునీని నడిపే సంస్థ బోర్డులో ఓట్లు 4–3గా చీలాయి. మా మటుకు మాకు ఆ పేరు సరైనదే. ఆవిడ లేకపోతే ఈ స్టేషనే లేదు.

మా తీర్పా? ప్లాట్‌ఫామ్ పొడవుకి సున్నా. అయినా వెళ్లండి. కళాకారిణి యూమే హౌ చేసిన ఎర్రటి లోహపు బొమ్మలు చూడండి, కాగితం కత్తిరింపు కళని లోహంలోకి తెచ్చి, యాంగె అనే చైనా జానపద నృత్యాన్ని గోడకెక్కించారు. ఎస్కలేటర్ మీద వెళ్తూ కాదు, ఆగి చూడండి. బయటికొచ్చాక వాషింగ్టన్ స్ట్రీట్‌లో పల్లానికి నడిచి, ఎడమ చేతి వైపు రాస్ ఆలీ సందులోకి తిరగండి. 1962 నుంచి ఫార్చూన్ కుకీలు చేతితో మడుస్తున్న కొట్టు అక్కడే ఉంది. వేడిగా ఉన్నప్పుడే మడవాలి, చల్లారితే విరిగిపోతాయి, అందుకే వాళ్ల చేతులు అంత వేగంగా కదులుతాయి.