పాదాల దగ్గర మొదలయ్యే పిలుపు

ప్రభువునందు ప్రియులైన అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, యవ్వనస్థులకు నా వందనాలు. వైద్య పరిచర్య ఆదివారం కదా, దేవుని పిలుపు గురించి నాలుగు మాటలు చెప్పమని అయ్యగారు అడిగారు. నేను బోధకురాలిని కాను. మిషన్ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. వార్డులో చూసినదీ, మా పెద్ద సిస్టర్ల దగ్గర నేర్చుకున్నదీ మాత్రమే చెప్పగలను.

యవ్వనస్థుల కూడికలకు వెళ్లినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆంటీ, దేవుడు నన్ను పిలుస్తున్నాడని నాకెలా తెలుస్తుంది?" కల వస్తుందా, వాక్యం దొరుకుతుందా, ఎవరైనా దైవజనులు ప్రవచనం చెప్తారా అని ఎదురుచూస్తుంటారు. ఆ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ఐడా స్కడర్ గారి సంగతే చెప్తాను.

వేలూరు ఆసుపత్రి తెలియని ఇల్లు మనలో లేదు. చిత్తూరు, నెల్లూరు, కడప వైపు జనానికైతే అది పక్క ఊరి ఆసుపత్రి కింద లెక్క. ఇక్కడ నయం కాకపోతే "వేలూరు తీసుకెళ్లండి" అనేమాట ఎన్నిసార్లు వినుంటాం! ఆ ఆసుపత్రికి ఆరంభం ఒక రాత్రి. ఐడా మిషనరీ డాక్టరు కూతురు, 1870లో రాణీపేటలో పుట్టింది. అమెరికాలో చదువుకుంటూ, తల్లికి ఒంట్లో బాగాలేదని తిండివనం వచ్చింది. ఇక్కడే ఉండిపోవాలనే ఆలోచన ఆమెకు లేదు. ఒకరోజు రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చి, నా భార్య పురిటి నొప్పులు పడుతోంది, మీరు రండి అన్నాడు. నాకు వైద్యం రాదు, నాన్నగారు వస్తారు అంది. పరాయి మగవాడు నా భార్యను చూడటానికి వీల్లేదు అని వెళ్లిపోయాడు. తర్వాత ఒక ముస్లిం వచ్చాడు. ఆ తర్వాత ఇంకొక హిందువు వచ్చాడు. ముగ్గురిదీ అదే అవసరం, ముగ్గురికీ అదే జవాబు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడపిల్లలూ చనిపోయారు.

ఇందులో రెండు సంగతులు గమనించమని పిల్లలకు చెప్తాను. ఆ రాత్రి తలుపు తట్టినవాళ్లలో ఒక్కరూ క్రైస్తవులు కారు. ఐడా దాన్నే దేవుని పిలుపుగా తీసుకుంది. రెండోది, మనం ఎక్కువగా మర్చిపోయేది. పిలుపు వచ్చిందని ఆమె మర్నాడే మందుల సంచి భుజాన వేసుకుని బయల్దేరలేదు. అమెరికా తిరిగి వెళ్లి వైద్యం చదివింది, 1899లో కార్నెల్ మెడికల్ కాలేజీ నుంచి డాక్టరై వచ్చింది. 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1902కి 40 పడకల ఆసుపత్రి, 1909లో నర్సింగ్ స్కూలు, 1918లో ఆడవాళ్ల కోసం మెడికల్ స్కూలు. వారం వారం పల్లెలకు వెళ్లి చెట్ల కింద రోగుల్ని చూసేది. ప్రార్థన ఎంత ముఖ్యమో అనాటమీ పుస్తకం ముందు కూర్చోవడం అంత ముఖ్యమని ఆమెకు తెలుసు. దేవుని పని కాబట్టి ఎలా చేసినా సరిపోతుందనే మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. దేవుని పని కాబట్టే బాగా నేర్చుకుని చెయ్యాలి.

అంత దూరం ఎందుకు, మన గుంటూరులో అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గారుండేవారు. 1883లో వచ్చినప్పుడు ఆమెను డాక్టరుగా పంపలేదు, బడి పనీ, పరదాలో ఉండే ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి బోధించే జెనానా పనీ అప్పగించారు. అయినా కంటికి కనిపించిన రోగికి మందివ్వకుండా ఉండలేకపోయారు. ఆసుపత్రి 1898లో లేచింది. ఇక్కడ కూర్చున్న కొందరి అమ్మమ్మలు ఆ ఆసుపత్రిలోనే పుట్టి ఉంటారు.

సరే, మన సంఘానికి వద్దాం. మన తలుపు ఇప్పుడు ఎవరు తడుతున్నారు? నేనైతే షుగర్ అంటాను. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఈ గుళ్లో ఏ బెంచీలో చూసినా ఒకరైనా ఉంటారు.

షుగర్ గురించి చెప్పాలంటే డాక్టర్ పాల్ బ్రాండ్ గారి దగ్గరికి వెళ్లాలి. తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీలకు పుట్టి, లండన్‌లో సర్జనై, 1946లో వేలూరు వచ్చారు. కుష్ఠు ఉన్నవాళ్ల వేళ్లు ఆ జబ్బే తినేస్తుందని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. ఆయన ఓపికగా గమనిస్తే తేలింది వేరు. నరాలు చచ్చిపోయి నొప్పి తెలియకపోవడం వల్ల కాలుతున్న గిన్నె పట్టుకుంటున్నారు, గాయంతోనే నడుస్తున్నారు, నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రావడం లేదు. వేళ్లు అలా పోతున్నాయి. నొప్పి దేవుడిచ్చిన కాపలా అని ఆయన జీవితాంతం చెప్పారు. తర్వాత అమెరికా వెళ్లినప్పుడు షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో కూడా ఆయన అదే చూశారు. ఇప్పుడు షుగర్ పేషెంట్లకు డాక్టర్లు రాసే మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు మొదట కుష్ఠు ఉన్నవాళ్ల కోసం వేలూరు, కరిగిరి ప్రాంతంలో తయారైనవే. ఊరి బయట ఉంచిన మనుషుల కోసం పడిన కష్టం ఇవాళ మన ఇళ్లలో పెద్దవాళ్ల కాళ్లను కాపాడుతోంది.

ఒక పెద్దావిడ సంగతి చెప్తాను. మిరపకాయల కోతలకు వెళ్లే మనిషి. మా క్యాంపుకు దగ్గు మందు కోసం వచ్చింది. కూర్చోబెట్టి బీపీ చూస్తుంటే ఎడమ చెప్పు అంచున తడిగా కనిపించింది. "పెద్దమ్మా, ఒకసారి చెప్పు తీయి" అన్నాను. తీస్తే కాలితోపాటే పైకి లేచింది. చెప్పు అడుగునుంచి ఒక మేకు గుచ్చుకుని, అట్టను చీల్చుకుని, బొటనవేలి కింద కండలోకి దిగి ఉంది. చుట్టూ చర్మం తెల్లగా ఉబ్బి వాసన వస్తోంది. "ఎప్పుడు దిగిందే తల్లీ ఇది?" అంటే, "నాకు తెలవదు సిస్టరమ్మా, నొప్పేం లేదుగా" అంది. ఆ కాలితోనే చేలోకి వెళ్లి వచ్చింది, వంట చేసింది, ఆదివారం గుడికీ వచ్చింది.

మేకు తీసి, శుభ్రం చేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, డాక్టరు గారికి చూపించాం. ఆవిడతో వచ్చిన మనవరాలు డ్రెస్సింగ్ అయినంతసేపూ పక్కనే నిలబడి చూసింది. ఆ రోజు నుంచి రాత్రి పడుకునేముందు సెల్‌ఫోన్ టార్చి వేసి నాయనమ్మ అరికాళ్లు, వేళ్ల సందులు చూడటం ఆ పిల్ల పనైంది. కాలు నిలబడింది. ఆ పిల్లకు పిలుపు గురించి ఎవరూ ప్రసంగం చెయ్యలేదు.

యేసు ప్రభువు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడిగిన భాగం మనకు కంఠతా వచ్చు. కేథలిక్ గుళ్లలో పవిత్ర గురువారం నాడు గురువులు పన్నెండుమంది పాదాలు కడుగుతారు. మరి మన ఇంట్లో మామగారి పాదాలు ఆఖరిసారి ఎప్పుడు చూశాం? షుగర్ ఉన్న మనిషికి వయసు మీద పడితే వంగి తన అరికాలు తాను చూసుకోలేడు, చూపు కూడా ఆనదు. ఇంకొకరు చూడాల్సిందే.

అడిగేవాళ్లున్నారు కాబట్టి చెప్తాను. వేడినీళ్లలో కాళ్లు పెట్టేముందు ఇంకొకరు మోచేతితో వేడి చూడాలి. కొబ్బరినూనె అరికాలికి, మడమకు రాయండి, వేళ్ల మధ్య మాత్రం పొడిగా ఉంచండి. ఆనెకాయను బ్లేడుతో కోసుకోవద్దు. చెప్పులో కాలు పెట్టేముందు చేత్తో లోపల తడమండి. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. ఇంకో మాట, అయ్యగారు ఏమీ అనుకోకూడదు. మనం చెప్పులు గుడి బయట విడుస్తాం. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండలు పెనంలా కాలుతుంటాయి. నరాలు మొద్దుబారిన వాళ్లకు కాలినట్టు కూడా తెలియదు, సాయంత్రానికి బొబ్బలు. మెట్ల దాకా ఒక గోనెపట్టా పరిపిస్తే చాలు. షుగర్ ఉన్నవాళ్లను చెప్పులతోనే లోపలికి రానిస్తే ఇంకా మంచిది. దేవుడు దాన్ని అగౌరవంగా తీసుకుంటాడని నేననుకోను.

ఉపవాస ప్రార్థనల గురించి కూడా మాట్లాడక తప్పదు. నేనూ ఉపవాసం ఉన్నదాన్నే. కానీ ఇన్సులిన్ వేసుకునో, కొన్ని రకాల షుగర్ మాత్రలు మింగో ఏమీ తినకుండా మోకాళ్ల మీద ఉంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు వస్తాయి. పక్కనున్నవాళ్లు ఆత్మావేశం అనుకుని చూస్తూ ఉండిపోతే ప్రాణానికే ముప్పు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలయ్యేముందే డాక్టరుకు చెప్పి, ఉపవాసం ఉండొచ్చో లేదో, మందు ఎలా మార్చాలో అడగండి. స్వస్థత కూటం నుంచి వచ్చి బీపీ మాత్రలు ఆపేసి, పక్షవాతంతో వార్డుకొచ్చిన మనుషులకు నేను పక్కలు మార్చాను. వాళ్ల విశ్వాసాన్ని నేను తక్కువ చెయ్యను, వాళ్లకు మాత్రలు ఆపమని చెప్పినవాళ్ల మీద మాత్రం నాకు కోపం ఉంది. ప్రార్థించండి, మాత్ర వేసుకోండి. పౌలు గారు వెంట ఉంచుకున్న లూకా వైద్యుడే కదా.

నర్సింగో మెడిసినో అందరూ చదవలేరు, అవసరమూ లేదు. మన ఊళ్లో నాకు అన్నిటికంటే ఎక్కువ కొరతగా కనిపించేది తోడు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాస్తారో, ఆరోగ్యశ్రీ కౌంటరు ఎటుందో, రక్తపరీక్ష రిపోర్టు ఎప్పుడిస్తారో తెలియక ఒంటరి మనుషులు వరండాలోనే సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చేస్తారు. ప్రభువు చెప్పిన కథలో మంచి సమరయుడు ఏం చేశాడు? దారిలో గాయపడి ఉన్న మనిషికి నూనె పోసి కట్టు కట్టాడు. అక్కడితో ఆగలేదు. తన వాహనం మీద ఎక్కించి, సత్రంలో దించి, రాత్రంతా చూసుకుని, రెండు దేనారాలు చెల్లించి, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు. ఆటో మాట్లాడి, లైన్లో నిలబడి, మందుల చీటీ చదివి చెప్పి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ ఇంటికి వెళ్లి చూసి రావడం అంటే అదే. తెలుగు చదవడం వచ్చి, ఒక పూట తీరిక ఉన్న ఎవరైనా చెయ్యగలరు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ టెన్షన్ పడుతున్న పిల్లలూ, మీకు చెప్తున్నాను.

వేలూరు కాలేజీ వాళ్లు తమ ధ్యేయంగా పెట్టుకున్నది మార్కు సువార్తలో ప్రభువు తన గురించి చెప్పిన మాటే, "పరిచారము చేయించుకొనుటకు రాలేదు గాని పరిచారము చేయుటకు." మనం దానికి ఒక రోజు పెట్టుకుందాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కమ్యూనిటీ హాల్లో షుగర్ ఉన్నవాళ్ల పాదాలు చూస్తాం. బేసిన్లు, తువాళ్లు స్త్రీల సమాజం వాళ్లు తెస్తామన్నారు. నాతోపాటు ఇద్దరు సిస్టర్లు వస్తారు. మీరు వాడే మాత్రల అట్టలు, పాత చీటీలు, రోజూ తొడుక్కునే చెప్పులు వెంట తెచ్చుకోండి, ఆ చెప్పులూ చూడాలి. మన సంఘం వాళ్లే కానక్కర్లేదు, పక్క వీధుల్లోవాళ్లను కూడా పిలవండి. కింద కూర్చుని పాదాలు కడిగి తుడవడానికి యవ్వనస్థుల్లో ఆరుగురు కావాలి, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి ఎంతమంది వచ్చినా మంచిదే. ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు సెక్రటరీ గారి దగ్గర పుస్తకం ఉంటుంది, మీ పేరు, మీకు వీలైన వారం రాసి వెళ్లండి.