అగ్నిపర్వతం నమూనాను సైన్సు ప్రదర్శనల నుంచి తీసేయాల్సిందే

నమస్కారం. వంటసోడాలో వెనిగరు పోసి నురగ పొంగించే అగ్నిపర్వతం నమూనాకు పాఠశాలల సైన్సు ప్రదర్శనల్లో బహుమతులు ఇవ్వడం మానాలని గత వీడియోలో నేనన్న మాటకు, ఇక్కడి చెన్నైలోని మన తెలుగు ఉపాధ్యాయుల నుంచే ఎక్కువ అభ్యంతరాలు వచ్చాయి. నురగ చూసి పిల్లలు కేరింతలు కొడతారని, రసాయనశాస్త్రం మీద వారికి ఇష్టం అక్కడే మొదలవుతుందని వారి వాదన. నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయడం లేదు. బహుమతి మానడం చాలదు, ఆ నమూనాను ప్రదర్శన నుంచే తీసేయాలి.

ఎందుకంటే, రసాయన ఇంజనీరింగు గొప్పతనమంతా పొంగించడంలో కాదు, పొంగకుండా, పగలకుండా నిలపడంలో ఉంది. 1909లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి ప్రయోగశాల బల్లమీద అమోనియా చేసి చూపించాడు. అదే పనిని కర్మాగారంలో చేయబోతే, వాతావరణ పీడనానికి దాదాపు 200 రెట్ల ఒత్తిడి దగ్గర హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, అందులోని కర్బనాన్ని లాగేసి, గొట్టాలను పెళుసుబార్చి పగలగొట్టేది. ఆ పనిని చేపట్టిన ఇంజనీరు కార్ల్ బాష్ గొట్టాల లోపలివైపు కర్బనం దాదాపు లేని మెత్తని ఇనుప పొరను అమర్చి, బయటి ఉక్కు గోడకు సన్నని రంధ్రాలు వేయించాడు. పొరను దాటివచ్చిన కాస్త హైడ్రోజన్ ఉక్కును కొరకకుండా ఆ రంధ్రాల్లోంచి బయటికి పోయింది. అంత ఒత్తిడిని ఆపాల్సిన గోడకే రంధ్రాలు వేయించడం ఎంతటి సాహసమో ఆలోచించండి! 1913లో జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం నడిచింది. నేడు మన డెల్టా పొలాల్లో చల్లే యూరియా ఆ మార్గంలో పుట్టిన అమోనియా నుంచే వస్తోంది. పేలుడును జయించిన విద్యను పొంగే నురగగా చూపిస్తే పిల్లలకు మనం చెప్పేది తలకిందుల పాఠం.

ఇక చెన్నై సంగతికి వద్దాం. 2019లో చెరువులు ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెప్పించుకున్న నగరమిది; ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి మన పూండి జలాశయానికి వచ్చే కృష్ణా నీటి కోసం ఏటా ఎదురుచూసే నగరమిది. ఈ నగరం కోసం 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో, రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు ప్రారంభమయ్యాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న నీటిని గట్టి ఒత్తిడితో ఒక పొర గుండా నెట్టడమే అక్కడ జరిగే పని. అలాంటి పొర ముందూ ఉంది కానీ, అది ఉప్పుతోపాటు నీటినీ దాదాపు ఆపేసేది. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, పైన అతి పలుచని పొర, దాని కింద రంధ్రాలున్న మందమైన ఆధారం ఉండేలా తయారుచేశారు. నీటి ప్రవాహం ఎన్నో రెట్లు పెరిగింది. ఇలాంటి పొరతోనే నీటిని శుద్ధిచేసే ఆర్‌ఓ యంత్రం ఇంటింటా ఉన్న ఈ నగరంలో సౌరిరాజన్ పేరు ఎంతమంది విద్యార్థులకు చెప్పాం? ఇది నన్ను నిజంగా బాధిస్తోంది.

అందుకే పిల్లల చేతికి నురగ కాదు, నీళ్లివ్వండి. కోసిన సీసాలో గులకరాళ్లు, ఇసుక, బొగ్గు పేర్పించి బురదనీళ్లు పోయించండి. నీళ్లు తేటగా దిగగానే గెలిచామనుకుంటారు. అప్పుడు, ఆర్‌ఓ అమ్మడానికి వచ్చేవారు జేబులోంచి తీసే, నీటిలో కరిగిన లవణాలను అంకెలో చూపే టీడీఎస్ మీటరును వారి చేతికివ్వండి. ఆ అంకె దాదాపు కదలదు. బోరు నీళ్లు, లారీ నీళ్లు, క్యాన్ నీళ్లు, ఆర్‌ఓ గొట్టంలోంచి వృథాగా పోయే నీళ్లు వరుసగా కొలిపించండి. వృథా నీటిలో అంకె పెరగడం చూసిన పిల్ల, మీంజూరు ఉప్పంతా ఎక్కడికి పోతోందని తానే అడుగుతుంది. ఇలాంటి పని అసాధ్యం కాదు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ మన కుప్పం దగ్గరి ప్రాంగణంలో, వ్యాన్లలో పల్లెబడులకు చేర్చే ప్రయోగాల్లో పిల్లల చేతే పని చేయిస్తోంది.

ప్రదర్శనలకు న్యాయనిర్ణేతలుగా వెళ్లే పెద్దలు ఈసారి ప్రతి నమూనా దగ్గరా రెండే ప్రశ్నలు అడగండి: గంటకు ఎంత తయారవుతుంది, మిగిలిన వ్యర్థం ఎక్కడికి పోతుంది? మీ పిల్లలు కొలిచిన అంకెల పట్టిక పంపండి, ఏ వీధి నీళ్లో చెప్పి మరీ ఇదే ఛానెల్‌లో చదివి వినిపిస్తాను.