రోడ్డు పైకి, గడప కిందికి

వేదిక మీది పెద్దలకు, వార్డు సచివాలయం సిబ్బందికి, ముందు వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ బయట మబ్బు పట్టింది. వాన అందుకుంటే ఈ రేకుల కింద నా మాట మీకు వినపడదు.

‘పర్యావరణహితంగా మన సందులు’ అని కాగితంలో వేశారు. నీళ్లు, నీడ, మొక్కలు, దీపాలు, నాలుగూ రాసుకొచ్చాను. నీళ్లతో మొదలెడతాను.

మన విజయనగరం గంటస్తంభం వెనకనో మూడు లాంతర్ల దగ్గరో ఒక సందు అనుకోండి. వెడల్పు 3 మీటర్లు, పొడవు 60. అంటే 180 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకి ఒక లీటరు. 50 మిల్లీమీటర్ల వానకి సందు మీద పడేది 9,000 లీటర్లు. సందుకి అటూ ఇటూ పదేసి మీటర్ల లోతున డాబాలున్నాయనుకోండి, వాటి విస్తీర్ణం 1,200 చదరపు మీటర్లు, నీళ్లు 60,000 లీటర్లు. ఈ డాబాల గొట్టాలన్నీ ఎక్కడికి దిగుతున్నాయి? సందులోకే. తొమ్మిది వేలు మోయాల్సిన సందు చేత డెబ్బై వేలు మోయిస్తూ, కాలువ పొంగిందని తిడుతున్నాం.

అమెరికాలో షికాగో నగరం 2006లో ‘గ్రీన్ ఆలీ’ అని ఒక కార్యక్రమం మొదలెట్టింది. అక్కడి వెనక సందుల్లో చాలావాటిని మురుగు గొట్టానికి కలపలేదు. వాన నీళ్లు అక్కడే నిలిచేవి. గొట్టాలు వేయడం కన్నా నేలనే తాగనివ్వడం మేలని నీళ్లు ఇంకే రాళ్లు పరిచారు. అలాగని వాళ్లు చేసినట్టే మనం చెయ్యలేం. వాళ్ల సందులో గడపలుండవు, మన సందు నిండా గడపలే.

గడప అన్నాను కాబట్టి మొక్కల మాట పక్కన పెట్టి అసలు బాధ చెప్తాను. సిమెంటు రోడ్డు పాడైతే ఏం చేస్తారు? దాని మీదే ఇంకోటి పోస్తారు. పొరకి 10 నుంచి 15 సెంటీమీటర్లు. మూడు పొరలు పడేసరికి అడుగు దాటింది. వీధరుగు నేలమట్టమయ్యింది, మూడు మెట్లున్న ఇంటికి ఒక మెట్టు మిగిలింది, తర్వాత అదీ పోయింది. ఇల్లు గుంటలోకి దిగలేదండీ, రోడ్డే పైకొచ్చింది! అప్పుడు ఇంటాయన గడప దగ్గర కట్ట కడతాడు, ఆ నీళ్లు పక్కింట్లోకి పోతాయి, తగువు మొదలవుతుంది.

పాతది ఎందుకు తవ్వరు? మన సందులో 15 సెంటీమీటర్ల పొర తీస్తే 27 ఘనపు మీటర్ల కాంక్రీటు. పగలగొట్టాక ఒకటిన్నర రెట్లు ఉబ్బుతుంది. ట్రాక్టరు తొట్టికి మూడు ఘనపు మీటర్లు పడితే పదమూడు, పద్నాలుగు లోడ్లు. ఎస్టిమేటులో ఆ ఐటెం రాయకపోతే కంట్రాక్టరు సొంత డబ్బుతో తొయ్యడు. అందుకే పని మొదలయ్యాక అరిచి లాభం లేదు. ఎస్టిమేటు రాసేటప్పుడే ‘పాత పొర తొలగింపు, శిథిలాల తరలింపు’ అన్న లైను ఉందా లేదా అని అడగండి. మళ్లీ చెప్తున్నాను, రాసేటప్పుడే.

కొలత కూడా మీరే తియ్యొచ్చు. తాపీ మేస్త్రి దగ్గరుండే పారదర్శకపు ట్యూబు, పది మీటర్లది. నీళ్లు నింపితే రెండు కొసల్లోనూ ఒకే మట్టంలో నిలుస్తాయి, దాంతో ఎత్తుపల్లాలు తెలుస్తాయి. బుడగల్లేకుండా చూడండి. బుడగ ఉంటే మట్టం అబద్ధమాడుతుంది. సందులో అన్నిటికన్నా కిందున్న గడప వెతకండి. ఆ గడపకి కనీసం 15 సెంటీమీటర్లు దిగువన కొత్త రోడ్డు మట్టం ఉండాలి. ఆ గీత గోడ మీద రంగుతో వేసి, ఫొటో తీసి అర్జీకి జతచెయ్యండి.

ఇక కట్టడం. మూడు మీటర్లలో ఇరుపక్కలా 75 సెంటీమీటర్లు గట్టి కాంక్రీటే ఉండనివ్వండి. పాత ఇళ్లకి మట్టి అడుసుతో కట్టిన పునాదులుంటాయి, వాటి పక్కన నీళ్లు ఇంకనివ్వకూడదు. కల్లాపి, ముగ్గు కూడా ఆ పట్టీ మీదే. పేడనీళ్లు మధ్యలో పరిచే రాళ్ల ఖాళీల్లోకి దిగితే అవి పూడిపోతాయి. మధ్యలో మీటరున్నర మాత్రం నీళ్లు ఇంకే పట్టీ. వాలు రెండువైపుల నుంచీ మధ్యకి, మీటరుకి రెండు సెంటీమీటర్లు.

ముందు నేల తాగుతుందో లేదో చూడండి. అడుగు లోతు గొయ్యి తీసి ఒకసారి నింపి పూర్తిగా ఇంకనిచ్చి, రెండోసారి నింపి గంటలో ఎంత దిగిందో కొలవండి. ఎర్రనేలైతే చాలాచోట్ల బాగానే తాగుతుంది. గంటకి సెంటీమీటరు కూడా దిగని జిగట మన్నైతే అడుగున చిల్లుల గొట్టం, 100 మిల్లీమీటర్లది, వేసి కాలువకి కలపాలి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు సందులోకొస్తుంటే ఈ పనే మొదలెట్టకండి. పక్కన తాగునీటి బావి ఉన్నా అంతే.

ఆ ఇంకే పట్టీకి అడుగున గుడ్డ, అదే జియోటెక్స్‌టైల్, నీళ్లని వదిలి మట్టిని ఆపేది. దాని మీద 40 ఎం.ఎం. పిక్క, అంటే కంకర, 25 సెంటీమీటర్లు, ఆపైన సన్న పిక్క 5 సెంటీమీటర్లు, ఆపైన రాళ్లు, అంటే 80 ఎం.ఎం. మందం పేవర్ దిమ్మెలు. 60వి చాలవు, నీళ్ల ట్యాంకరు ఎక్కితే కదిలిపోతాయి. రెండు అంచులా దిమ్మెలు జరక్కుండా 15 సెంటీమీటర్ల కాంక్రీటు కట్టు. పిక్కలో వందకి నలభై పాళ్లు ఖాళీ ఉంటుంది. వెడల్పు ఒకటిన్నర, పొడవు అరవై, లోతు పావు మీటరు గుణించి, దాన్లో నలభై పాళ్లు తీస్తే 9 ఘనపు మీటర్లు. సందు మీద పడ్డ తొమ్మిది వేల లీటర్లూ అక్కడే ఆగాయి! డాబా నీళ్లు మాత్రం మీ ఇంటి బావికో, ఇంకుడు గుంతకో, డ్రమ్ముకో పోవాలి. సందు వాటిని మొయ్యదు.

చెడేది ఎక్కడంటే, దిమ్మెల మధ్య ఖాళీల్లో క్రషర్ డస్టు, అంటే రాతి పొడి, పోస్తారు. చవక, చూడ్డానికి నున్నగా ఉంటుంది, ఒక్క వానాకాలంలో గడ్డ కట్టి నీళ్లాపేస్తుంది. 2 నుంచి 5 ఎం.ఎం. కడిగిన చిప్సే, అంటే సన్న రాతి ముక్కలే, పొయ్యాలి. ఎవరో ఇల్లు కడుతూ ఇసక పోసి దాని మీదే సిమెంటు కలిపారా, ఆ ముక్క చచ్చినట్టే. ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందొకటి తర్వాతొకటి, పొడిగా చీపురేసి మట్టి గీకి కొత్త చిప్స్ నింపాలి. గొట్టంతో కడిగితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది.

చీటీ వచ్చింది, టైమయిందంట. దీపాలు, నీడ పోయాయి, పోనివ్వండి. ఒక్కటి చెప్పి దిగిపోతాను. రోడ్డు తవ్వి ఉన్నప్పుడే కుళాయి గొట్టాలు చూసుకోండి. చాలా ఇళ్ల కనెక్షన్లు మురుగు కాలువలోంచి ఈదుకొస్తాయి. కుళాయిలో నీళ్లు గంటో రెండు గంటలో వస్తాయి. ఆగిపోయాక గొట్టం ఖాళీ అయ్యి, చిన్న చిల్లున్నా మురుగుని లోపలికి లాక్కుంటుంది. 2024 అక్టోబరులో గుర్లలో అతిసారంతో మనుషులు పోయిన సంగతి ఈ జిల్లాలో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. కాలువ దాటే చోట గొట్టాన్ని నీటిమట్టం పైకి లేపి, ఇంకో పెద్ద గొట్టంలోంచి దూర్చండి. ఆ ముక్కలో అతుకు ఉండకూడదు.

ట్యూబు ఆ బల్ల మీద ఉంది. వాన పడకముందే ఒక సందు కొలిచేద్దాం. ఎవరిదండీ ముందు?