ఎండాకాలం విదేశాల్లో చర్చిలు చూడబోతుంటే

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లలకు సెలవులు ఉండేది ఎండాకాలంలోనే కాబట్టి మనవాళ్ల యూరప్ ప్రయాణాలు ఎక్కువగా అప్పుడే పడతాయి. రోమ్, వెనిస్, ఫ్లోరెన్స్, మిలాన్ ఏ ఊరు వెళ్లినా చూడవలసిన వాటిలో ముందు వరసలో ఉండేవి చర్చిలే. జులై, ఆగస్టు నెలల్లో రోమ్‌లో ఎండ 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు తగ్గట్టు నిక్కరు, చేతుల్లేని చొక్కా వేసుకుని హోటల్ నుంచి బయల్దేరడం సహజం. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా దగ్గర ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఆ చర్చిలోకి వెళ్లాలంటే ముందు దాని ఎదుట ఉన్న చౌకులో వరసలో నిలబడాలి. రద్దీ రోజుల్లో గంట దాటినా ఆశ్చర్యం లేదు. ముందు విమానాశ్రయంలో లాగా సంచుల తనిఖీ, అది దాటాక బట్టల తనిఖీ. అంటే బట్టలు బాగాలేవని చెప్పేసరికి మీరు వరసంతా పూర్తి చేసి ఉంటారు. వెనక్కి వెళ్లి ఏదైనా కొనుక్కొచ్చుకోవాలంటే మళ్లీ మొదటికే రావాలి. అందుకే ఈ సంగతి పొద్దున హోటల్ గదిలోనే తేల్చుకోవాలి.

నియమం చిన్నదే. భుజాలు కనపడకూడదు, మోకాళ్లు కనపడకూడదు. గొంతు దగ్గర, వీపు దగ్గర మరీ లోతుగా కోసిన బట్టలు కూడా పనికిరావు. ఇది ఆడవాళ్లకే అనుకుంటారు చాలామంది. మోకాలి పైకి ఉన్న నిక్కరు వేసుకున్న మగవాళ్లనూ అలాగే ఆపేస్తారు. వాటికన్ మ్యూజియం, సిస్టీన్ ఛాపెల్, వెనిస్‌లోని సెయింట్ మార్క్స్, మిలాన్, ఫ్లోరెన్స్ నగరాల పెద్ద చర్చిలు, అన్నిచోట్లా దాదాపు ఇదే కొలత. పొట్టి చేతుల చొక్కా, టీషర్టు నిక్షేపంగా వేసుకోవచ్చు. మోకాలు దాటే త్రీఫోర్త్ ప్యాంటూ సరిపోతుంది. మోకాళ్ల దగ్గర చిరుగులున్న జీన్స్‌తో మాత్రం చిక్కు. బట్ట పొడవుగానే ఉన్నా మోకాలు కనిపిస్తోంది కదా.

కొలత చూసుకునేటప్పుడు అద్దం ముందు నిలబడి చూస్తే చాలదు. కుర్చీలో కూర్చుని చూడండి. నిలబడినప్పుడు సరిగ్గా మోకాలి దాకా ఉన్న గౌను, కూర్చుంటే జానెడు పైకి పోతుంది. నిలబడినప్పుడు మోకాలి కింద నాలుగు వేళ్లు దిగి ఉంటే మెట్లెక్కినా, బల్ల మీద కూర్చున్నా ఇబ్బంది ఉండదు. తెల్లటి పలచని బట్టను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. చెయ్యి ఆనవాలు అవతలికి కనపడితే లోపల లైనింగ్ ఉండాల్సిందే.

ఇంత కప్పుకుంటే ఉక్కపోస్తుంది అనే భయం అక్కర్లేదు. ఉక్క పోయించేది బట్ట పొడవు కంటే బట్ట రకం. ఒంటికి అంటుకునే పాలియెస్టర్ చెమటను పీల్చదు, గాలి ఆడనివ్వదు. వదులుగా ఉన్న నూలు లేదా లినెన్ ప్యాంటు ఎండను నేరుగా చర్మం మీద పడనివ్వదు, లోపల గాలి తిరుగుతుంది. పైగా లినెన్ త్వరగా ఆరుతుంది. రాత్రి హోటల్లో ఉతికి ఆరేస్తే చాలాసార్లు పొద్దుటికి తొడుక్కోవచ్చు. జీన్స్ అలా ఆరదు, చెమటతో బరువెక్కి తొడలు ఒరుసుకుంటాయి. యూరప్ వేసవికి జీన్స్ మోసుకెళ్లడం దండగ.

ఇక ఆడవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది మన చున్నీయే. రెండుంబావు నుంచి రెండున్నర మీటర్ల పొడవు, 90 సెంటీమీటర్లకు తగ్గని పన్నా ఉన్న నూలు చున్నీ ఒకటి సంచిలో పడేసుకోండి. మంగళగిరి నూలు చున్నీ అయితే మరీ మంచిది, పలచగా ఉంటుంది కానీ ఒళ్లు కనిపించదు. షిఫాన్, నెట్ చున్నీలు వద్దు. వాటిలోంచి భుజం కనపడుతూనే ఉంటుంది కాబట్టి వాటిని కప్పుకున్నట్టు లెక్క వేయకపోవచ్చు. భుజాల మీద వేసుకుంటే రెండు వైపులా చెరో పిన్నీసు పెట్టండి. ఫొటో కోసం చెయ్యి ఎత్తగానే జారిపోయేది అక్కడే. అదే చున్నీని నడుముకు చుట్టుకోవాలంటే, వెనక నుంచి రెండు కొసలూ ముందుకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి బాగా దాటించి, పక్కన ముడి వేసి, మోకాలి ఎత్తున ఒక పిన్నీసు పెట్టాలి. ఆ పిన్నీసు లేకపోతే నడిచినప్పుడల్లా మడత విడిపోయి మోకాలు బయటపడుతుంది. పైన చేతుల్లేని టాపు, కింద పొట్టి గౌను రెండూ ఉంటే ఒక చున్నీ చాలదు, రెండు కావాలి. చర్చి బయట వీధి అమ్మకందార్ల దగ్గర స్కార్ఫులు దొరుకుతాయి గానీ, దారిలో తొందరపడి కొనేది పన్నా చాలకపోవడమో, మరీ పలచగా ఉండడమో జరుగుతుంది.

చీరకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. చేతుల్లేని జాకెట్టు, వీపు లోతుగా కోసిన జాకెట్టు అయితే పమిటను రెండో భుజం మీదుగా చుట్టూ కప్పుకోవాలి. సల్వార్ కమీజ్ రోమ్‌కు అక్షరాలా సరిపోయే దుస్తులు. మగవాళ్లకు మోకాలి దగ్గర జిప్పు ఉండి, కింది భాగం ఊడదీసే ప్యాంట్లు దొరుకుతాయి. వాటిలో కింది భాగానికి పక్కన చీలమండ దాకా మరో జిప్పు ఉన్న రకం తీసుకోండి. లేకపోతే నడి వీధిలో బూట్లు విప్పితే గానీ కింది భాగం ఎక్కదు. వరసలోకి వెళ్లకముందే తగిలించుకోవాలి.

చంటిపిల్లల విషయంలో సాధారణంగా చూసీచూడనట్టు వదిలేస్తారు. బడి ఈడు పిల్లలకు మాత్రం ఒక లెగ్గింగో పల్చటి ప్యాంటో సంచిలో ఉంచడం మంచిది. ద్వారం దగ్గర పిల్లవాణ్ణి ఆపితే కుటుంబమంతా ఆగిపోతుంది.

మన పల్లెల్లో చాలా చర్చిల బయట చెప్పులు విడిచి, ఆడవాళ్లు చెంగు తలమీద వేసుకుని లోపలికి వెళ్తారు. ఇటలీ చర్చిల్లో చెప్పులు విడవరు. టోపీ మాత్రం మగవాళ్లు తీసేయాలి. ఎండ టోపీ పెట్టుకున్నామన్న సంగతే మరిచిపోయి చాలామంది అలాగే నడిచి వెళ్తారు, నల్ల కళ్లద్దాలతో సహా. ఆడవాళ్లు తల కప్పుకోవాలన్న నియమం కేథలిక్కుల 1917 నాటి చట్టంలో ఉండేది, 1983 చట్టంలో లేదు. కప్పుకుంటే ఎవరూ కాదనరు. రష్యా, జార్జియా దేశాల ఆర్థొడాక్స్ చర్చిలకు వెళ్తే మాత్రం ఆడవాళ్లు తల కప్పుకోవాలి, ఆ చున్నీయే అక్కడా పనికొస్తుంది. కాళ్లకు మడమ వెనక పట్టీ ఉన్న, రబ్బరు అడుగున్న చెప్పులు మేలు. అరిగిన పాలరాతి మీద నున్నటి తోలు అడుగు జారుతుంది. అన్నట్టు, రోమ్‌లో నేలమాళిగ సమాధులు, అంటే కాటకోంబులు, చూడబోతే అక్కడ ఏడాది పొడవునా 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చెమటతో దిగితే వణుకు పుడుతుంది. పైన కప్పుకోవడానికి ఒకటి ఉండాలి.

బార్సిలోనాలోని సగ్రాడా ఫమీలియాలో కొలత కాస్త సడలింపుగా ఉంటుంది. భుజాలు కప్పాలి గానీ, నిక్కరు, గౌను తొడ సగం దాకా ఉంటే అనుమతిస్తారు. అక్కడ ఒప్పుకున్నారు కదా అని అదే నిక్కరుతో రోమ్ వెళ్తే కుదరదు.

పవిత్ర భూమికి వెళ్లే తెలుగు యాత్రికులు బేత్లెహేములోని జనన దేవాలయాన్ని తప్పకుండా చూస్తారు. దాని ద్వారం ఎత్తు సుమారు 1.2 మీటర్లే. పెద్దవాళ్లు బాగా వంగితే గానీ లోపలికి వెళ్లలేరు. వదులు మెడ ఉన్న టాపు, పొట్టి చొక్కా వేసుకుంటే ముందుకు వంగినప్పుడు ఇబ్బంది. పమిటకు పిన్నీసు పెట్టుకుని, చొక్కా లోపలికి దోపుకుని వెళ్లండి.

అన్నిటికన్నా కచ్చితంగా ఉండేది గ్రీస్‌లోని మెటియోరా. కొండ బండల మీద కట్టిన ఆరు మఠాల్లో ఇప్పటికీ సన్యాసులు, సన్యాసినులు నివసిస్తున్నారు. అక్కడ ఆడవాళ్లకు ప్యాంటు సరిపోదు, పొడవాటి స్కర్టు కావాలి. ప్యాంటు వేసుకొస్తే ద్వారం దగ్గర చుట్టుకునే గుడ్డ ఇస్తారు, దాన్ని ప్యాంటు మీదే చుట్టుకోవాలి. మగవాళ్లకు పొడవు ప్యాంటు తప్పనిసరి. ఎండలో పెద్ద మెటియోరో మఠానికి సుమారు 300 మెట్లు ఎక్కాలి. కాబట్టి స్కర్టు గానీ చీర గానీ నేలను తాకేలా ఉండకూడదు. చీలమండకు నాలుగు వేళ్లు పైకి ఉంచి కుచ్చిళ్లకు గట్టి పిన్నీసు పెడితే, దిగేటప్పుడు అంచు కాలికింద పడదు.