పసుపెక్కిన హెడ్‌లైట్: టూత్‌పేస్ట్ వద్దు, పేపర్ పట్టండి

[తెర మీద: ఒక వైపు మసకబారిన హెడ్‌లైట్, పక్కన టూత్‌పేస్ట్ ట్యూబు]

ముందు ఆ ట్యూబు బాత్రూంలో పెట్టేసి రండి. టూత్‌పేస్ట్‌తో రుద్దితే లైటు మెరుస్తుంది, నిజమే. కానీ కొన్ని వారాల్లో మళ్లీ అదే మసక, ఒక్కోసారి ఇంతకన్నా ఎక్కువ.

ఎందుకంటే... ఎండ తగిలే వైపున్న పాత టేకు తలుపును ఒకసారి గుర్తుతెచ్చుకోండి. వార్నిష్ పొరలుగా లేచి, పసుపు తిరిగి ఉంటుంది. కింద చెక్క మాత్రం గట్టిగానే ఉంటుంది. హెడ్‌లైట్ కూడా అంతే. లెన్స్ పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దాని మీద ఫ్యాక్టరీలో వేసే గట్టి కోటింగే వార్నిష్. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ముందు ఆ కోటింగ్ చెడుతుంది, తర్వాత ప్లాస్టిక్ పైపొర పసుపెక్కుతుంది. పాత అంబాసిడర్ దీపాలకు ఈ బాధ లేదు, అవి గాజువి.

టూత్‌పేస్ట్ అంటే లేచిపోయిన వార్నిష్ మీద నూనె గుడ్డ తుడవడం. ఉన్న కాస్త కోటింగూ అరుగుతుంది, కొత్తది పడదు.

"మా దగ్గర పాలిషర్ మెషిన్ ఉంది, ఉప్పుకాగితం, అదే పేపర్, ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మసక బాగా తక్కువైతే కాంపౌండ్ (సన్నగా అరగదీసే పేస్టు), ప్యాడ్ చాలు. కోటింగ్ పెచ్చులు లేచిందా, పాలిషర్ ఆ పెచ్చులనే మెరిపిస్తుంది. తలుపుకైనా ముందు గీకాల్సిందే.

కావాల్సినవి: 1000, 2000 నంబర్ వాటర్ పేపర్లు (తడిపి రుద్దే ఉప్పుకాగితం, నంబర్ పెరిగేకొద్దీ సన్నం) ఒక్కొక్కటి, మాస్కింగ్ టేప్, స్ప్రే బాటిల్‌లో నీళ్లు, అందులో రెండు చుక్కల షాంపూ, రబ్బింగ్ కాంపౌండ్. 1500 పేపర్ కూడా దొరికితే పని సులువు.

[తెర మీద: టేప్ వేయడం]

లైటు చుట్టూ బాడీకి టేప్ రెండు మూడు వరసలు వేయండి. బంపర్ అంచులో పెయింట్ ఇట్టే పోతుంది. పేపర్ పది నిమిషాలు నానబెట్టి స్పాంజికి చుట్టండి, వేళ్లతో నొక్కితే గాడులు పడతాయి. 1000తో అడ్డంగా రుద్దండి, నీళ్లు కొడుతూనే ఉండండి. మొదట పసుపు నీళ్లు కారతాయి, అది చచ్చిన కోటింగ్. నీళ్లు తెల్లగా మారేదాకా ఆపొద్దు. తుడిచి ఆరబెట్టి చూడండి: లెన్స్ అంతా ఒకే తీరుగా పాలగాజులా ఉండాలి. ఎక్కడైనా మెరుస్తున్న మచ్చ కనబడితే అక్కడ పాత వార్నిష్ ఇంకా ఉన్నట్టే.

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది, చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. 2కే క్లియర్, అంటే హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి స్ప్రే చేసే పారదర్శక పూత, కొట్టబోతున్నారా? అయితే పాలిషర్ అక్కర్లేదు, 1000 దగ్గర, లేదా 1500 దగ్గర ఆగండి. వడ్రంగి తలుపును అద్దంలా నునుపు చేసి వార్నిష్ వేయడు, పట్టు దొరకదు. సన్న గీతల్ని క్లియరే నింపేస్తుంది. నమ్మకం కుదరకపోతే లెన్స్ మీద నీళ్లు కొట్టి చూడండి. తడిగా ఎంత తేటగా కనిపిస్తుందో క్లియర్ పడ్డాక దాదాపు అంతే.

క్లియర్ లేదు, గుడ్డతో పూసే యూవీ సీలెంట్ (అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే పూత) మాత్రమే ఉందంటే 2000కి వెళ్లండి, ఈసారి నిలువుగా. అడ్డగీతలన్నీ పోయేదాకా రుద్దాలి. మధ్యలో 1500 వాడకపోతే రెట్టింపు సేపు పడుతుంది. 1000 గీతలు మిగిలితే పాలిషర్ తీయలేదు, రాత్రి లైటు వేస్తే అవే కనిపిస్తాయి.

[తెర మీద: పాలిషర్]

రోటరీ (ప్యాడ్ గుండ్రంగా మాత్రమే తిరిగే పాలిషర్) అయితే 1000 నుంచి 1200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, అంతకు మించొద్దు. శనగగింజంత కాంపౌండ్ నాలుగు చోట్ల పెట్టి, ముందు వేగం లేకుండా పరిచి, తర్వాత తిప్పండి. ఒకేచోట ఆపితే ప్లాస్టిక్ వేడెక్కి మెత్తబడుతుంది, అలలు పడతాయి, అది మళ్లీ 1000 పేపర్‌తో గానీ పోదు. మధ్యమధ్యలో చేయి పెట్టి చూడండి: గోరువెచ్చగా ఉంటే సరే, చేయి ఉంచలేకపోతే ఆపండి. ఒక్కటే ప్యాడ్ ఉంటే చివరి రౌండ్ కొత్త కాంపౌండ్ లేకుండా, బరువు వేయకుండా తిప్పండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

క్లియర్ గానీ సీలెంట్ గానీ వేసే ముందు లెన్స్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మాత్రమే. థిన్నర్, పెట్రోల్, అసిటోన్ తగిలితే పాలీకార్బొనేట్‌లో సన్న పగుళ్లు వస్తాయి. సీలెంట్ బదులు మైనం పూస్తే నిలిచేది కొన్ని వారాలే. లోపల తేమ ఉన్నా, ప్లాస్టిక్ లోపలే పగుళ్లున్నా ఇదంతా వృథా, తలుపు లోపల చెద పట్టినట్టే. అది లైటు విప్పే పని, లేదా మార్చే పని.

2కే క్లియర్ పలచగా రెండు మూడు కోట్లు, కోటుకు కోటుకు పది నిమిషాలు. హార్డ్‌నర్ పాళ్లు డబ్బా మీద చూసి కలపండి. అందులో ఐసోసయనేట్ అనే, పీలిస్తే హాని చేసే రసాయనం ఉంటుంది, గుడ్డ మాస్క్ ఆపలేదు. కార్ట్‌రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ (ఆవిర్లను వడకట్టే మాస్క్), గ్లోవ్స్, ఆరుబయట నీడ: ఈ మూడూ లేకపోతే సీలెంట్ దారిలోనే వెళ్లండి. కొట్టాక 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి.